పార్ట్ టైం చదువు, ఫుల్ టైం నిద్ర

ఆ రోజుల్లో నాకు నా మీద ఉన్న నమ్మకాన్ని తలుచుకుంటే ఇప్పుడు నాకే ముచ్చటేస్తుంది. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, చాయ్ బండి దగ్గర కూడా ఫోన్‌తో పైసలు కొట్టడం వచ్చేసిన రోజులే. కానీ ఇరవైల్లో ఉన్నప్పటి మనిషి గురించి ముప్పైల్లో కూర్చుని చెబుతుంటే ఎవరో దూరపు చుట్టాల పిల్ల సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. అప్పటికి నేను నర్సింగ్ డిప్లొమా ముగించి, హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్లయిన వాళ్లను ఉంచే వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మట్టెవాడలోని మా ఇంటి నుంచి ఆటోలో పోయి వచ్చేదాన్ని. నేను లేకపోతే ఆ వార్డు నడవదని నాకు గట్టి నమ్మకం. (ఈ సంగతి వార్డుకు తెలియదు.) ఏ సెలైన్ స్టాండు చక్రం మొరాయిస్తుందో, ఏ డాక్టరు రౌండ్సుకు వచ్చేముందు తుమ్ముతాడో, ఏ మంచం పక్కన ఫ్యాను గాలి తగలదో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని. సెలవు పెట్టిన రోజు కూడా ఫోన్ చేసి అంతా బాగానే ఉందా అని అడిగేదాన్ని. బాగానే ఉందంటే ఆ పూటంతా నా మొహం చిన్నబోయి ఉండేది.

డిగ్రీ చేయాలని మాత్రం మొదటి నుంచీ కోరిక. డిప్లొమా వాళ్లకు దానికి రెండు దార్లున్నాయి. ఉద్యోగం మానేసి, సంచీ భుజాన వేసుకుని రోజూ కాలేజీకి పోయేది ఫుల్ టైం. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రం క్లాసులకు పోయేది పార్ట్ టైం, అది ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. రెండింటికీ కాలేజీ ఒకటే, బల్లలు అవే, పాఠాలు చెప్పే వాళ్లూ వాళ్లే. నాకు రెండు చోట్లా అవకాశం ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మానేస్తే నా జాగాలో మరొకరు వస్తారు. రెండేళ్ల తర్వాత నేను తిరిగి పోయినా ఆ వార్డు ఇక నాది కాదు. పుట్టి బుద్ధెరిగాక నా అంతట నేను సంపాదించుకున్న మొదటి చోటు అది. దాన్ని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు.

ఇంటిల్లిపాదీ, ఇంటితో పాటు వాడ మొత్తం ఈ విషయంలో సలహాలిచ్చారు. అమ్మది ఫుల్ టైం పార్టీ. కాలేజీ అయితే పొద్దుగూకేసరికి పిల్ల ఇంటికొస్తుంది, మనిషిలాగా కూర్చుని వేడన్నం తింటుంది, అంతకు మించిన చదువు ఏముంటుందని ఆమె వాదన. మా వాడ ఆడవాళ్లందరిదీ పార్ట్ టైం పార్టీ. సాయంత్రం పూట మా ఇంటి ముందు గద్దె మీద కూర్చోబెట్టి వాళ్లకు బీపీ చూసేది నేనే మరి. నేను పుస్తకాల్లో పడితే తమ బీపీ ఏమైపోతుందని వాళ్ల దిగులు. (ఆ దిగులుతో నలుగురికి నిజంగానే బీపీ పెరిగింది.) ఇక బాపు. ఆయన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని చేస్తాడు. పొద్దంతా ఆ చప్పుడులో ఉండి ఉండి ఇంటికొచ్చాక రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడడు. నీకు ఏది నచ్చితే అది చెయ్యమన్నాడు. కానీ రెండూ చేస్తానంటే మాత్రం జర భయమైతుందన్నాడు. నువ్వు నాలుగు సాంచెలు ఒక్కడివే చూసుకోవడం లేదా అని నేను ఎదురడిగాను. అప్పుడు బాపు నా వంక చూసి, "అవి నాలుగు ఒక్క షెడ్డుల ఉంటయ్ బిడ్డా," అన్నాడు.

ఆ మాట నిజమని నాకు తెలుసు. నిజం తెలిసినప్పుడు నేను సాధారణంగా ఏం చేస్తానో అదే చేశాను, అనుకున్నదే చేశాను. పార్ట్ టైంలో చేరిపోయాను. రంగు రంగుల పెన్నులతో టైం టేబుల్ రాసి గోడకు అతికించాను. అందులో డ్యూటీకి ఎర్ర రంగు, చదువుకు పచ్చ రంగు, నిద్రకు నీలం రంగు. నెల తిరిగేసరికి ఎరుపూ పచ్చా మిగిలాయి. నీలం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఆదివారం క్లాసులకు ఖాళీ దొరకాలని శనివారాలు నైట్ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను. మా ఇన్‌ఛార్జి అక్క, అంటే వార్డు మొత్తానికీ పెద్ద నర్సు, డ్యూటీ చార్టు రాస్తూ కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, నువ్వు మనిషివేనా అని అడిగింది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక్కడ మా నర్సుల ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన కథ అర్థం కాదు. డ్యూటీ మారేటప్పుడు మేం ఊరికే సంచీ తీసుకుని వెళ్లిపోం. హ్యాండోవర్ ఇస్తాం. అంటే కొత్తగా వచ్చిన నర్సును వెంటబెట్టుకుని ఒకటో మంచం నుంచి ఆఖరి మంచం దాకా నడుస్తూ, ఏ పేషెంటు ఎలా ఉన్నాడు, ఏం తిన్నాడు, ఏ మందు ఇవ్వాల్సి ఉంది, ఎవరి మీద కన్నేసి ఉంచాలి, అన్నీ అప్పజెప్పాలి. ఆమె అంతా విని "తీసుకున్న" అనాలి. ఆ మాట వినబడేదాకా వార్డు మన నెత్తి మీదే ఉన్నట్టు లెక్క. ఆ ఒక్క మాటతో ఒళ్లు ఎంత తేలికవుతుందో నర్సుకే తెలుస్తుంది. ఈ అలవాటు నాకు ఎంతగా పట్టుకుందంటే, ఇంట్లో వంట మధ్యలో వదిలి పోవాల్సి వచ్చినా అమ్మకు అదే పద్ధతిలో చెప్పేదాన్ని. అన్నం స్టేబుల్‌గా ఉంది, పప్పు ఇంకా సీరియస్, పాల మీద కన్నేసి ఉంచు. తీసుకున్న అనేదాకా గడప దాటేదాన్ని కాదు. అమ్మ మొదట్లో తిట్టేది, తర్వాత తర్వాత తనే అలవాటు పడి, గిన్నెలు తోముతూనే "తీసుకున్న పో" అనేది.

పార్ట్ టైం క్లాసులో నా పక్కన కూర్చునేది ఘన్‌పూర్ అక్క. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లె దవాఖానలో నర్సు, ఇద్దరు పిల్లల తల్లి. రైల్లో వచ్చేది, డబ్బా నిండా సర్వపిండి తెచ్చేది. రైల్లోనే నోట్సు చదువుకుని వచ్చి, క్లాసులో అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేది. ఆమెకు పార్ట్ టైం పద్ధతి చేతికి గాజు పట్టినట్టు పట్టింది. పిల్లలనూ కొలువునూ వదిలి రాలేని మనిషికి ఇదొక్కటే దారి, సంతోషంగానే నడుస్తాన అనేది. నన్ను చూసి మాత్రం, "నీకేమొచ్చిందే? నిన్ను కట్టేసింది ఎవలు?" అని అడిగేది. నేను మా వార్డు గురించి చెప్పడం మొదలుపెట్టేదాన్ని. ఆమె సర్వపిండి ముక్క నా నోట్లో కుక్కేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పూట పెద్ద మేడం పాఠం. ఆమె కూడా ఒకప్పుడు చాలాకాలం వార్డుల్లో నర్సుగా పనిచేసి, ఆ తర్వాత చదువు చెప్పడానికి వచ్చిన మనిషే. పొడగరి, గట్టిగా మాట్లాడకుండానే అందరినీ కూర్చోబెట్టే రకం. నేను రాత్రి డ్యూటీ దిగి పొద్దున నేరుగా క్లాసులకు వచ్చాను. కడుపులో అప్పుడే తిన్న వేడన్నం, నెత్తి మీద ఫ్యాను, చెవిలో సమతులాహారం. మేడం నన్ను ఏదో అడిగింది. నేను లేచి నిలబడ్డాను. నాకు గుర్తున్నది ఇంతవరకే. ఆ తర్వాత క్లాసులో జరిగిందంతా ఘన్‌పూర్ అక్క చెప్పగా విన్నదే, అందులో ఆమె ఎంత కలిపిందో నాకు తెలియదు.

నేను కళ్లు సగం మూసుకుని, చేతులు కట్టుకుని, మేం కూర్చునే మొదటి బెంచీ నుంచే హ్యాండోవర్ మొదలుపెట్టానట. ఒకటో బెడ్, ఆడ పేషెంటు, తెలివిలోనే ఉంది, కానీ మాటలెక్కువ, సర్వపిండి తప్ప నోటి ద్వారా ఏమీ తీసుకోవడం లేదు. (ఇది ఘన్‌పూర్ అక్క.) రెండో బెడ్, పొద్దుటి నుంచి ఫోన్ వదలడం లేదు, మెడనొప్పి రావచ్చు. మూడో బెడ్, పిలిస్తే పలకడం లేదు, డాక్టరుకు చెప్పాలి. ఆ మూడో బెంచీ ఆమె నిజంగానే నిద్రపోతోంది, తన వంతు రాగానే ఉలిక్కిపడి లేచి కూర్చుంది. అలా బెంచీ బెంచీకీ చెప్పుకుంటూ పోయాను. క్లాసు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకుంది. ఆఖరి బెంచీ దాకా వెళ్లి, ఇక్కడ అందరూ స్టేబుల్, చాయ్ కోసం ఎదురు చూస్తున్నారు అని ముగించి, మేడం వైపు తిరిగి నిలబడిపోయానట. కదలకుండా, అలాగే.

ఆమె స్థానంలో మరొకరుంటే బయటికి పొమ్మనేవారు. పెద్ద మేడం పుస్తకం మూసి, నా ముందుకు వచ్చి, ఎవరికైనా సెలైన్ ఎక్కుతోందా అని అడిగింది. లేదు సిస్టర్ అన్నానట. అప్పుడామె చాలా మామూలుగా, "సరే సిస్టర్, నేను తీసుకున్న. నువ్వు పోయి పండుకో," అంది.

నేను సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దాటి, వరండాలో నడుచుకుంటూ వెళ్లిపోయాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, మిగతాదంతా మరిచిపోయినా, ఆ మాట నా చెవిన పడినప్పుడు నా ఒళ్లంతా ఎలా వదులైందో మాత్రం నాకు గుర్తుంది. అన్ని నెలలుగా నేను వార్డును క్లాసులోకి, క్లాసును ఇంట్లోకి, ఇంటిని మళ్లీ వార్డులోకి మోసుకుంటూ తిరుగుతున్నాను. నా దగ్గర్నుంచి తీసుకునే మనిషి ఎక్కడా లేదు. అమ్మ పాలగిన్నెను తీసుకోగలదు గానీ నన్ను తీసుకోలేదు కదా.

వరండా చివర ప్రాక్టికల్ గది తలుపు తెరిచి ఉంది. అందులో వరసగా మంచాలు, ఒకదాని మీద పిల్లలు ఇంజెక్షన్లు పొడిచి నేర్చుకునే బొమ్మ పేషెంటు. దాని పక్క మంచం ఖాళీగా ఉంది. ఖాళీ మంచం, నిద్ర వస్తున్న నర్సు, ఇక చెప్పేదేముంది. బొమ్మ వైపు తిరిగి పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. నా కింద దుప్పటి ఇస్త్రీ చేసినట్టుగా ఉంది. నేను పడుకున్నప్పుడది ముడతలు ముడతలుగా ఉన్న నీలం దుప్పటి, ఇప్పుడు తెల్లది. తల కింద దిండు, కాళ్ల మీద ఇంకో దుప్పటి. మంచం చుట్టూ నలుగురు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. నాకు ఒక్క క్షణం నాకే ఏదో ఆపరేషన్ అయిందనిపించి కడుపు తడుముకున్నాను. వాళ్లు కాలేజీలో ఫుల్ టైం చదివే పిల్లలు, హాస్టల్లో ఉంటారు. మర్నాడు వాళ్లకు ప్రాక్టికల్ పరీక్ష. మంచం మీద పేషెంటు ఉండగానే, పేషెంటును లేపకుండా, ఒక పక్కకు ఒత్తిగిలించి సగం, మళ్లీ ఇటు తిప్పి సగం దుప్పటి మార్చడం మా చదువులో ఒక విద్య. బొమ్మ మీద చేస్తే అది కట్టెలా బిగుసుకుని ఉంటుంది, రాదు. వీళ్లకేమో దేవుడు పంపినట్టు మెత్తటి పేషెంటు దొరికింది. దొర్లించారు, మార్చారు, మళ్లీ దొర్లించారు. నేను గుర్రు మాత్రం పెట్టానట, గొడవ పెట్టలేదట.

కోపం రావాలి కదా, రాలేదు. నర్సును కదా, నా చూపు ముందు దుప్పటి మూలల మీదికి పోయింది. నాలుగు మూలలూ కవరు మడిచినట్టు, ఒక్క అంగుళం అటూ ఇటూ లేకుండా పరుపు కిందికి మడిచి ఉన్నాయి. నేనూ డిప్లొమాలో అలాగే నేర్చుకున్నాను. కానీ వార్డులో చేరాక, ఒక చేత్తో దుప్పటి, ఇంకో చేత్తో ఫోన్, కళ్లతో పక్క మంచం. మూలలు పరుపు కిందికి కుక్కేయడమే, మడిచి ఎన్నాళ్లయిందో. ఎన్నిసార్లు మార్చారని అడిగాను. వాళ్లలో బక్కపలచటి పిల్ల, జడ ముందుకు వేసుకుని, "లెక్కవెట్టలే అక్కా. మంచిగ వచ్చేదాంక చేసినం," అంది.

నాకు ఆ పిల్ల మీద అసూయ పుట్టింది. అబద్ధమెందుకు, బాగా పుట్టింది. మంచిగా వచ్చేదాకా ఒకే పని చేసుకునే తీరిక! నేను వార్డులో ఏ పనీ మంచిగా వచ్చేదాకా చేయలేదు, అయ్యేదాకా చేశాను. చదువు కూడా అలాగే, పరీక్షకు సరిపోయేదాకా. నేను లేకపోతే నడవదనుకున్న ఆ వార్డును నేను నడిపిస్తున్నది ఇలా అన్నమాట అని, బొమ్మ పేషెంటు పక్కన కూర్చుని, ఆ పిల్లలిచ్చిన చాయ్ తాగుతూ అనుకున్నాను.

క్లాసయ్యాక పెద్ద మేడం గదికి వెళ్లి తప్పైపోయింది మేడం అన్నాను. ఆమె తప్పు సంగతి ఎత్తలేదు. ఫుల్ టైంలో ఇంకా ఒక సీటు ఉంది, శుక్రవారం దాకా ఉంటుంది, తర్వాత ఉండదు అని మాత్రం చెప్పింది. ఏది మంచిదో మీరే చెప్పండని బతిమాలాను. ఘన్‌పూర్ నుంచి వచ్చే ఆమెకు పార్ట్ టైమే మంచిది, ఆమెను ఉద్యోగం మానెయ్యమని నేను చచ్చినా చెప్పను, నీ సంగతి నువ్వే చూసుకోవాలంది. చెప్పి, నవ్వాపుకోలేక, మీ మూడో బెడ్ పేషెంటుకు ఇప్పుడు బాగానే ఉంది అని కలిపింది.

ఆ వారం గురువారం బాపు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, పక్కన నిలబడి, ఉద్యోగం మానేస్తాన బాపూ అన్నాను. చెంబు కింద పెట్టి, మంచిది, రేపు నేనొస్త కాలేజీకి అన్నాడు. ఎందుకని అడిగితే, ఊకెనే అన్నాడు. చెప్పినట్టే మర్నాడు సగం పూట పని మానుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చి, నేను ఫుల్ టైంలో చేరుతుంటే బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. వాడ ఆడవాళ్లకు అమ్మ ఇప్పటికీ మర్చిపోలేని జవాబొకటి ఇచ్చింది, పిల్ల పొద్దుగూకేసరికి ఇంట్లనే ఉంటది, ఇగ మీ బీపీలకేం ఫికర్ అని. రెండు పార్టీలూ అక్కడితో కలిసిపోయాయి.

వార్డులో మాత్రం అందరికీ కన్నీళ్లు వస్తాయనుకున్నాను. నా జాగాలోకి వచ్చిన పిల్లకు ఆఖరి రోజు పొద్దస్తమానం అప్పజెప్పాను. చక్రం మొరాయించే స్టాండు, తుమ్మే డాక్టరు, గాలి తగలని మంచం, కిటికీ గొళ్లెం, అన్నీ. ఆ పిల్ల బుద్ధిగా విని, తీసుకున్న అక్కా అంది. ఏమీ తడుముకోకుండా అంది. ఇన్‌ఛార్జి అక్క నా భుజం తట్టి, ఇగన్న నిద్రపో అంది. కన్నీళ్లు వచ్చింది నాకే, అవి కూడా ఆటో ఎక్కాక.

కాలేజీలో చేరిన కొద్ది రోజులకే వార్డుకు వెళ్లాను. ఊరికే పలకరించడానికని అందరితో చెప్పాను. అసలు సంగతి, అక్కడంతా తలకిందులై ఉంటుందని, నన్ను చూడగానే అమ్మయ్య వచ్చావా అంటారని ఆశ. తలుపు అద్దంలోంచి చూశాను. మంచాలన్నీ కుదురుగా ఉన్నాయి. మందుల ట్రాలీని నేనెప్పుడూ ఉంచే మూల నుంచి తీసి కిటికీ దగ్గర పెట్టారు. అక్కడైతే నడిచే దూరం సగం తగ్గుతుంది, అన్నేళ్లూ నాకెందుకు తోచలేదో. నా జాగాలోని పిల్ల నన్ను చూసి నవ్వి, ఒక్క నిమిషం అక్కా అన్నట్టు చెయ్యి ఊపి పనిలో పడింది. తలుపు దగ్గర కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆమె నన్నెరగదు. చూసే టైం అయిపోయింది, బయట కూసోండ్రి అంది.

కూర్చున్నాను. పేషెంట్ల తాలూకు వాళ్ల కోసం వేసిన ఇనుప కుర్చీలవి. అన్నేళ్లు వాటి ముందునుంచి పరుగులు పెట్టానే గానీ ఒక్కనాడూ వాటిలో కూర్చోలేదు. పక్క కుర్చీలో ఒక ముసలామె ఉంది, పాలకుర్తి దిక్కు నుంచి వచ్చింది, కొడుక్కి కడుపు ఆపరేషన్ అయింది. కొంగు ముడి విప్పి వక్క ముక్క నోట్లో వేసుకుని, "లోపట నీ వాళ్లెవలున్నరు బిడ్డా?" అని అడిగింది.

అందరూ అనబోయాను. నోటిదాకా వచ్చింది. గాజు తలుపు వైపు ఇంకోసారి చూసి, "ఎవలు లేరు అవ్వా. నేను నర్సు సదువు సదువుకుంటాన," అన్నాను.

అవ్వ నన్ను తల నుంచి చెప్పుల దాకా, భుజాన సంచీతో సహా చూసింది. అయితే ఇంకా నర్సువు కాలేదన్నట్టు, అంది. ఎన్ని నైట్ డ్యూటీలు, ఎన్ని సెలైన్లు, ఎన్ని కుట్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంకా కాలే అవ్వా, అన్నాను. అని, ఆశ్చర్యంగా, హాయిగా అనిపించి నవ్వాను.

"అయితవ్ తియ్," అంది అవ్వ, ఇంకో వక్క చెరిసగం చేసి నా వాటా నా చేతిలో పెడుతూ. "జల్దేముంది."

నేనిప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, పిల్లలు మేడం అని లేచి నిలబడతారు. అప్పుడప్పుడు ఆ ఇనుప కుర్చీలో కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. ఆ సాయంత్రం ఆ పిల్ల వక్క నములుతూ, అవ్వ తన కొడుకు చిన్నతనం చెబుతుంటే వింటూ, చూసే టైం మళ్లీ మొదలై, సెక్యూరిటీ ఆమె తలుపు తీసి లోపలికి రమ్మన్నా లేవలేదు. అవ్వను మాత్రం పంపి, అవ్వ సంచీ ఒళ్లో పెట్టుకుని, అవ్వ తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చుంది.